విడుపు బెల్లు లేని పాట

"నువ్వే ఇచ్చినావు! లేకుంటే ఆ పాట పాలబూతు కాడ యట్లా మోగుతాది నాయనా?"

"నేనియ్యలేదని పొద్దున్నించీ చెప్తానే ఉండాను గదా."

"పెట్టె తాళంచెవి నీ మొలతాడుకు ఉండాది. ఇంగెవురిస్తారు? గోడలిస్తాయా?"

"మెల్లగా మాట్లాడు శశీ. అక్క పడుకోనుండాది."

"మెల్లగానా? పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో మెల్లగానే గదా బతుకుతా ఉండాను! తుమ్మల్లన్నా లెక్క పెట్టుకొని తుమ్ముతా ఉండాను! అత్త మళ్ళా లేచి ఆ గుంత కాడికి పోయిందనుకో, ఈసారి యాడ పట్టుకుంటావు? నీకిప్పుడు పరిగెత్తే కాళ్ళుండాయా?"

గిరీశ్ బండికి స్టాండు వేసి వాకిట్లోకి వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. రాబర్ట్‌సన్‌పేటలో వాడికో చిన్న కొట్టుంది, ఫోన్లు బాగుచేస్తాడు. అక్కడి నుంచి ఈ లైన్ల దాకా, అంటే బంగారు గని కూలీలకు ఒకప్పుడు కట్టించిన వరస ఇళ్ళ దాకా, నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా ఒక్క మాటే నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు: "తాతా, నాలుగు రోజుల్లో నాలుగువేల మంది నీ పాటలు విన్నారు." ఇప్పుడా మాట చెప్పడానికి లేదు. పాటలు ఎవరిచ్చారని లోపల తండ్రీకూతుళ్ళు కొట్లాడుకుంటున్నారు. ఇచ్చినవాడు వీడే.

తిరిగి వెళ్ళిపోవచ్చు. బండి చప్పుడు కూడా వాళ్ళు విన్నట్టు లేదు. వెళ్ళిపోదామనే అనుకున్నాడు కూడా. వసారాలో నులక మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి ఉంది, మంచం మీద ఎవరూ లేరు. అది చూశాడు, చూసి ఏమీ అనుకోలేదు.

ఆ ఇల్లు వాడికి మొదటి రోజు నుంచీ భయమే. పేదరికం వల్ల కాదు, పేదిళ్ళు వాడు చాలా చూశాడు. ఆ ఇంట్లో చప్పుడు ఉండదు. గోడ గడియారం ఉంది గానీ లోలకం తీసేసి ఉంటుంది. దేవుడి పటాల దగ్గర చేతిగంట ఉంది గానీ దాని నాలుకకు గుడ్డ చుట్టి ఉంటుంది. కుక్కరు లేదు. పెద్దావిడ లోపల పడుకుని ఉంటే గిన్నె కింద పెట్టేముందు గుడ్డ పరుస్తారు. వీధిలో ఐసువాడు గంట కొట్టుకుంటూ పోతే తండ్రి, కూతురు ఇద్దరూ చేస్తున్న పని ఆపి, పెదాలు కదలకుండా లెక్క పెడతారు. ఏడు... ఎనిమిది... అక్కడ ఆగిపోతే ఊపిరి వదులుతారు. పదో పదకొండో దాటినా వదులుతారు. సరిగ్గా తొమ్మిది దగ్గర ఆగకూడదు. అంతే ఆ ఇంటి భయం.

ఆ తండ్రి, హనుమంతప్పది బూదికోట పక్క పల్లె. రాగి చేను అన్నదమ్ములకు చాలక, ఇరవయ్యొకటో ఏట గనికి వచ్చాడు. కొన్నాళ్ళు తట్ట మోసి, తర్వాత షాఫ్టు దగ్గర బెల్లు మనిషి అయ్యాడు. షాఫ్టంటే భూమిలోకి నిట్టనిలువునా దిగే పెద్ద బావి. అందులో మనుషుల్ని దింపేది, ఎక్కించేది కేజి అనే ఇనుప పెట్టె. ఆ కేజిని నడిపేవాడు ఎక్కడో దూరంగా ఇంజను గదిలో ఉంటాడు, వాడికి మనుషులు కనపడరు. బెల్లు మనిషి కొట్టిన బెల్లే వాడికి కళ్ళు. దించడానికి ఇన్ని, ఆపడానికి ఇన్ని, మనుషులు ఎక్కారంటే ఇన్ని అని లెక్క. ఒక్క బెల్లు తప్పు కొడితే పదిహేనుమంది ప్రాణాలు పోతాయి. ఇరవయ్యారేళ్ళు ఆ పని చేసి, గని మూసిన రోజు వరకూ హనుమంతప్ప ఒక్క బెల్లు తప్పు కొట్టలేదు. కళ్ళతో చూడనిదే చేత్తో కొట్టేవాడు కాదు. బయట కూడా అంతే. పెళ్ళివాళ్ళు వచ్చి "పిల్ల మంచిదేనా హనుమంతప్పా?" అని అడిగితే "నేను చూళ్ళేదప్పా" అనేవాడు. పొరుగింటి పిల్ల అయినా సరే.

బెల్లుల్లో రెండింటి సంగతి లైన్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకటి తొమ్మిది. తొమ్మిది కొట్టారంటే కింద ఏర్‌బ్లాస్టు, అంటే లోపలి బండ పేలి మనుషుల మీద పడింది. తొమ్మిది వినగానే లైన్లలో పొయ్యిలు ఆర్పేస్తారు. ప్రతి ఇంటి ఆడదీ ఉతికిన పంచె ఒకటి మడిచి చంకన పెట్టుకొని షాఫ్టు గేటుకు వస్తుంది. మనిషి ప్రాణంతో వస్తే చెమట తుడవడానికి, లేకుంటే కప్పడానికి. రెండోది విడుపు బెల్లు. మూడు కొట్టి, ఆగి, మళ్ళీ మూడు. దిగినవాళ్ళందరూ పైకొచ్చారు, బతికో చచ్చో, ఇంక కింద ఎవరూ లేరు అని దాని అర్థం. అది మోగేదాకా ఏ ఆడదీ గేటు వదలదు. తన మగడు క్షేమంగా వచ్చేసినా వదలదు. పక్కింటామె మగడు ఇంకా కిందే ఉన్నాడు కదా.

ఎనభయ్యారులో హనుమంతప్పే తొమ్మిది కొట్టాడు. ఆ పూట దిగినవాళ్ళలో ఆయన బావ చెన్నప్ప ఉన్నాడు, అంటే అక్క చిన్నవెంకటమ్మ మగడు. అందరూ వచ్చారు, ముగ్గురు రాలేదు. ఆ ముగ్గురిలో చెన్నప్ప ఒకడు. పదమూడో రోజు, ఇంక లాభం లేదని ఆ సొరంగానికి గోడ కట్టేశారు. పై అధికారి ఒకడొచ్చి విడుపు బెల్లు కొట్టమన్నాడు, పని మొదలుపెట్టాలి గదా అన్నాడు.

"ఎక్కలేదు సార్," అన్నాడు హనుమంతప్ప.

"ఎక్కరయ్యా ఇంక. కొట్టు."

"ఎక్కనోళ్ళను ఎక్కినారని యట్లా కొట్టేది సార్?"

కొట్టలేదు. జీవితం మొత్తంలో ఆయన ఎదురు తిరిగింది ఆ ఒక్కసారే. మర్నాడు ఇంకో బెల్లు మనిషి వచ్చి మామూలు బెల్లులతో పని మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు ఒకరొకరే పోయారు. అందరికన్నా చివర చిన్నవెంకటమ్మ, మడిచిన పంచె మడిచినట్టే చంకన పెట్టుకొని, తమ్ముడి ఇంటికి వచ్చింది.

పాటల మాట ఆ తర్వాతది. హనుమంతప్పకు భజనల్లో పాడే అలవాటుంది, హార్మోనియం వచ్చు. శశికళ ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం చరిత్ర పాఠం గట్టిగా చదువుతోంది. కళింగ యుద్ధం. చచ్చినవాళ్ళు లక్ష, బందీలుగా పట్టుకుపోయినవాళ్ళు లక్షన్నర. ఆ రాజే పశ్చాత్తాపపడి రాతి మీద చెక్కించాడు.

"మళ్ళా చదువమ్మా," అన్నాడు ఆయన. చదివింది.

"ఆ లక్షన్నరా యాడికి పట్టుకపోయినారంట?"

"పుస్తకంలో లేదు నాయనా."

"పేజీ తిప్పి చూడు."

తిప్పింది. లేదు. రాజు బుద్ధుడి మాట పట్టాడు, చెట్లు నాటించాడు, బావులు తవ్వించాడు. లక్షన్నర మందీ తర్వాతి పేజీలోకి రాలేదు.

అది ఆయన్ని పట్టుకుంది. షిఫ్టులో కేజి కోసం కాచుకొని ఉన్నప్పుడు అదే ఆలోచన. అంతమందిని ఊరికే కూర్చోబెట్టి ఎవడు కూడు పెడతాడు? తవ్వించి ఉంటారు. ఈ నేలలో తెల్లవాళ్ళు రాకముందే, ఎప్పుడో పాతకాలం నాడే తవ్విన గుంతలున్నాయని గనిలో అందరూ చెప్పుకునేవారు. ఎవరు తవ్వారో ఎవరికీ తెలీదు. వీళ్ళు వాళ్ళే అనడానికి ఆధారం లేదని హనుమంతప్పకు తెలుసు. "నేను చూళ్ళేదు" అని తనే అనేవాడు. చూడనిది బెల్లులో కొట్టకూడదు గానీ పాటలో పాడుకోవచ్చు గదా అనుకున్నాడు. పదేళ్ళు కట్టాడు తొమ్మిది పాటలు. గని మూసేశాక, పాత ఇనుము కొట్లో తను కొట్టిన బెల్లే తుక్కు కింద పడి ఉంటే తెచ్చుకున్నాడు. బంగారుపేటలో ఒక చిన్న రికార్డింగు గదిలో హార్మోనియం, పలక డప్పు, ఒక రైలు పట్టా ముక్క, ఆ బెల్లు పెట్టుకొని క్యాసెట్టు చేశాడు. పేరు 'లక్షన్నర.' అందులో రాజుకు గొంతు లేదు. ఒక్క మాట కూడా లేదు. ఉన్నదంతా పట్టుకుపోబడినవాళ్ళదే. ఒక పాటలో కుమ్మరిది, ఒక పాటలో నిండు చూలాలిది, ఒక పాటలో దారిలో పేరు మర్చిపోయిన ముసలివాడిది.

తాడు ఒకటే, మెడలు నూరు,
నడక ఒకటే, ఊళ్ళు నూరు,
ఎవురి పేరు ఎవురు పిలిస్తే
ఎవురు పలకాల?

తొమ్మిదో పాటలో ఒక ముసలమ్మ గుంత అంచున కూర్చొని, దిగినవాళ్ళ కోసం చూస్తుంటుంది. "రాయి చెక్కించినాడు రాజు, ఏడ్చినానని, మా ఏడుపుకు ఉలి యాడుండాది?" అని అడిగి ఆమె ఆగిపోతుంది. అప్పుడు బెల్లు. తొమ్మిది. ఆ తర్వాత ఏమీ లేదు. టేపు గర్రుమంటూ ఖాళీగా తిరుగుతుంది. పాటకు చివర లేదు. వాళ్ళు ఎక్కలేదు గదా.

రెండువేల మూడులో వినాయక చవితి పందిట్లో, మన హనుమంతప్ప క్యాసెట్టు అని పిల్లలు ముచ్చటపడి మైకులో పెట్టారు. ఎనిమిది పాటలూ ఎవరూ పట్టించుకోలేదు. ఉండ్రాళ్ళు తింటూ మాట్లాడుకుంటూ ఉన్నారు. తొమ్మిదో పాట చివర మైకులో అదే బెల్లు, అదే చెయ్యి, దెబ్బకూ దెబ్బకూ అదే ఎడం. తొమ్మిది.

గని మూసి రెండేళ్ళయిందని వాళ్ళకు తెలీదా? తెలుసు. కాళ్ళకు తెలీదు. యాభైమంది ఆడవాళ్ళు ఇళ్ళలోకి పోయి, పొయ్యిలు ఆర్పి, మడిచిన పంచెలు చంకన పెట్టుకొని షాఫ్టు మీదికి పరిగెత్తారు. చుట్టూ ఉన్న ఇనుప కంచెను దొంగలు అప్పటికే కోసుకుపోయారు. అందరికన్నా ముందు చిన్నవెంకటమ్మ. సరిగ్గా అంచు మీద హనుమంతప్ప ఆమె కొంగు పట్టుకున్నాడు. మర్నాడు లైన్లన్నీ ఇంటి మీదికొచ్చాయి. "మా ఇండ్లల్లో పీనుగులు లేచినంత పని చేస్తివే, నీకు పాటలు కావల్లనా?" అని ఒకామె మట్టి ఎత్తి పోసింది. అమ్ముడుపోని క్యాసెట్లన్నీ ఆయన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. బెల్లునూ దాని సుత్తినీ గోనెలో చుట్టి తన మంచం కిందికి తోశాడు. లైన్లలో ఎవరికి వాళ్ళు మామూలైపోయారు. చిన్నవెంకటమ్మ కాలేదు. రోజూ సాయంత్రం షాఫ్టు వైపు నడిచేది. తీసుకొచ్చేవాళ్ళు. మళ్ళీ పోయేది. ఈ రెండేళ్ళలోనే మోకాళ్ళు సహకరించక ఇంటిపట్టున ఉంటోంది.

రెండు నెలల కింద హనుమంతప్ప ఒక క్యాసెట్టు జేబులో పెట్టుకొని గిరీశ్ కొట్టుకు వచ్చాడు. "దీన్ని ఫోన్లోకి ఎక్కిస్తావా అప్పా? చెవుల్లో పెట్టుకొని ఇనుకొనేటట్టు. బయటికి ఇనపడగూడదు. చచ్చేలోగా ఒకసారి ఇనల్లని ఉండాది."

గిరీశ్ కోలారులో డిగ్రీ రెండో ఏడు వదిలేసి వచ్చినవాడు. బూదికోటలో పట్టుపురుగులు పెంచే తండ్రి రామకృష్ణప్ప "వీనికి కాలు యాడా నిలవదు" అని అందరికీ చెప్పుకుంటాడు. నిజమే, నిలవదు. ఆ పూట నిలిచింది. కొట్టు షట్టరు సగం దించి తొమ్మిది పాటలూ కదలకుండా విన్నాడు. చివరి బెల్లు తర్వాత ఆ ఖాళీ టేపు తిరుగుతుంటే, ఇంకో చప్పుడు వస్తుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకొని కూర్చున్నాడు. రాలేదు. ఈ నేల మీద ఇంత గొప్పది ఇంకోటి పుట్టలేదనిపించింది. దీన్ని పెట్టెలో పెట్టి పాతేసిన ఊరి మీద మండిపోయాడు.

"నీ చెవికి, నా చెవికి. మూడో చెవికి వద్దు," అన్నాడు హనుమంతప్ప, కారణమంతా చెప్పి.

"మాటిస్తా తాతా," అన్నాడు గిరీశ్.

రెండు నెలలు ఆగాడు. టేపు గర్రుమనే చప్పుడంతా కంప్యూటర్లో కడిగేశాడు. తర్వాత నెట్టులో పెట్టేశాడు. ఎక్కడివాళ్ళో వింటారు, లైన్లకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. లైన్లలో పుట్టి బెంగళూరులో పనిచేసేవాళ్ళు సగంమంది ఉన్నారని, వాళ్ళ ఫోన్లన్నీ తిరిగి ఈ ఇళ్ళకే మోగుతాయని వాడికి తట్టలేదు.

ఆదివారం కాబట్టి శశికళ ఇంట్లో ఉంది. మిగతా రోజుల్లో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి, ఆస్పత్రిలో గుమాస్తా పని చేసి, దీపాలు పెట్టాక వస్తుంది. ఇప్పుడు ఆమె తలుపు తోసుకొని బయటికి వచ్చింది. గిరీశ్‌ను చూసింది గానీ పలకరించలేదు. ఆమె కళ్ళు మంచం మీద నిలిచాయి. ఉక్కపోతగా ఉందని ఆ మధ్యాహ్నమే అత్తను లోపలి గది నుంచి తెచ్చి అక్కడ పడుకోబెట్టింది.

"నాయనా. అత్త యాడ?"

హనుమంతప్ప వెనకే వచ్చాడు. మంచం చూశాడు. గోడ మూల చూశాడు, కర్ర లేదు. వంగి మంచం కింద ఉన్న అక్క మూట విప్పాడు. రెండు రవికలు, విభూతి పొట్లం. ఆయన చేతులు దేనికోసమో వెతికి ఆగిపోయాయి.

"పంచె లేదు," అన్నాడు.

గిరీశ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు సైనైడు దిబ్బ, అంటే బంగారం తీసేశాక పోసిన మట్టిగుట్ట, మలుపులో ఒక ముసలామె కర్ర పట్టుకొని ఎదురొచ్చింది. చంకన మడిచిన తెల్లగుడ్డ. వాడు ఎప్పుడూ ఆమె ముఖం చూడలేదు, ఎప్పుడొచ్చినా లోపలి గదిలో పడుకుని ఉండేది. దారి ఇవ్వడానికి బండి పక్కకు తీశాడు కూడా.

"దిబ్బ కాడ... ఒకవ్వ పోతా ఉన్నింది," అన్నాడు.

"ఎంతసేపయింది?" శశికళ.

"పావుగంట... ఇరవై నిమిషాలు."

"చూసి నోరు మూసుకొనుంటివా?"

హనుమంతప్ప అప్పటికే బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. డెబ్బై దగ్గరపడిన మనిషి, రెండు చేతుల్తో గిరీశ్ భుజాలు పట్టుకున్నాడు. బండి కదిలింది. దిబ్బ పొడవునా బూడిదరంగు దుమ్ము గాలికి లేచి ముఖాన కొడుతోంది. గిరీశ్ చెప్పేద్దామనుకున్నాడు. "తాతా, నేనే..." అని రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ దుమ్ము మింగాడు. వెనక ఆయన ఏదో గొణుగుతున్నాడు. దేవుడి పేరేమో అనుకున్నాడు. కాదు. లెక్క పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాకా పోయి మళ్ళీ మొదటికి వస్తున్నాడు.

షాఫ్టు దగ్గర పొద్దు వాలుతోంది. పైనున్న ఇనుప గోపురం ఇంకా నిలబడే ఉంది, చక్రం మాత్రం లేదు. కంచె ఉండాల్సిన చోట ఎవరో వేసిన ముళ్ళకంప. ఆ కంప ఒక పక్కకు జరిపి ఉంది. అవతల, షాఫ్టు నోటికి నాలుగడుగుల దూరంలో, చిన్నవెంకటమ్మ కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. పంచె ఒళ్ళో. ఒక చెయ్యి, కోసేసిన కంచె తాలూకు ఇనుప మొద్దును పట్టుకొని ఉంది.

గిరీశ్ దబుక్కున ముందుకు పోయాడు. రెండడుగులు వేశాడో లేదో కాలికింద నేల మెత్తగా దిగింది. చుట్టూ పోసిన కాంక్రీటు పగిలి, కింద మట్టి జారిపోయి, పైపెచ్చు మాత్రమే మిగిలి ఉంది. పిడికెడు మట్టి, రెండు రాళ్ళు అంచు దాటాయి. చాలాసేపటికి, నీళ్ళలో పడ్డ చప్పుడు పైకి వచ్చింది.

"నిలబడు!" అన్నాడు హనుమంతప్ప. "ఒక మనిషి బరువే ఓర్చుకుంటా ఉండాది అది. రెండో మనిషి పోతే ఇద్దురూ పోతారు. ఎనక్కి రా. మెల్లగా."

గిరీశ్ వెనక్కి వచ్చాడు.

"అక్కా," అన్నాడు హనుమంతప్ప, కంప ఇవతల నుంచి. "లెయ్యి, ఇంటికి పోదాం."

"పోదాంలేరా. రానీ."

"ఏం రానీ? కేజి లేదక్కా. దాన్ని అమ్మేసినారు. లోపలంతా నీళ్ళు."

ఆమె తల తిప్పి చూసింది. గిరీశ్ ఎదురుచూసిన చూపు కాదది. ఎక్కడో పోయిన మనిషి చూపు కాదు. అలిసిపోయి, విసుగెత్తిన పెద్దక్క చూపు.

"నాకేమన్నా పిచ్చనుకొంటివా హనుమా? గని మూసినారని తెలుసు. నీళ్ళు నిండినాయని తెలుసు. మీ బావ ఎముక గూడా మిగిలుండదని తెలుసు. నువ్వు తొమ్మిది కొడితివి. ఒకసారి గనిలో కొడితివి, ఒకసారి మైకులో కొడితివి, ఈ పొద్దు వాకిట్లో పోతా ఉండే ఎవురి ఫోన్లోనో కొడితివి. మూడుసార్లు పిలిస్తివి గదరా. ఒక్కసారన్నా విడిస్తివా?"

హనుమంతప్ప కంప ఇవతలే గొంతుక్కూర్చున్నాడు.

"విడుపు బెల్లు కొట్టకుండా ఆడది ఈడ్నుంచి యట్లా లేస్తాదిరా? అప్పుడు పదమూడు దినాలకు అందురూ పొమ్మంటే పోతిని. పోయినానే గానీ లేచినానా? నువ్వు కొడతావేమోనని చూస్తానే ఉండాను. తుక్కు కొట్టు నుంచి బెల్లు తెచ్చుకొంటివి, కొడతావనుకొంటిని. పాట కడితివి, అందులో కొడతావనుకొంటిని. దాంట్లో గూడా తొమ్మిదితో ఇడిసి పెడితివి."

ఆమె వేళ్ళు ఇనుప మొద్దు మీద సడలి, మళ్ళీ బిగిశాయి. కింద మట్టి ఇంకొంచెం రాలింది. చప్పుడు వచ్చేలోగా గిరీశ్ తనకు తెలీకుండానే లెక్క పెట్టాడు.

హనుమంతప్ప వాడి వైపు తిరిగాడు.

"ఇంటికి పో. నా మంచం కింద గోనెలో బెల్లుండాది. శశిని గూడా ఎక్కించుకొని రా."

గిరీశ్ ఎట్లా పోయాడో ఎట్లా వచ్చాడో వాడికే తెలీదు. శశికళ వెనక కూర్చొని, గోనెమూటను పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుంది. ఎత్తుపల్లాలకు అది లోపల కదిలి చిన్నగా మోగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి గట్టిగా హత్తుకుంది. "మోగొద్దు, మోగొద్దు," అంటోంది దానితో.

వచ్చేసరికి పొద్దు దిబ్బ వెనక్కి పోతోంది. చిన్నవెంకటమ్మ అలాగే ఉంది. హనుమంతప్ప గోనె విప్పి, ఇనుప గోపురం కాలికి ఆ గోనె తాడుతోనే బెల్లు కట్టాడు. ముడి ఒక్కసారికే పడింది, పాత అలవాటు. సుత్తి తీసుకున్నాడు. ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

శశికళ "నాయనా, కొట్టు," అంది. "ఇంగ తడువు చెయ్యొద్దు, కొట్టు!"

ఆయన చెయ్యి దించి, మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. గిరీశ్‌కు అర్థమైంది. ముప్పై ఏళ్ళ కింద అధికారి ముందు కొట్టని బెల్లు. ఆ ఒక్క పనికే ఆయన తనను మనిషిగా లెక్క వేసుకున్నాడు. పాటకు చివర లేకపోవడం కూడా దాని వల్లే. నెట్టులో పెట్టినప్పుడు గిరీశ్ గొప్పగా రాసింది కూడా అదే: చివర లేని పాట, అబద్ధం ఒప్పుకోని పాట.

"నేను కొడితే చూసినోడు కొట్టినట్టప్పా," అన్నాడు హనుమంతప్ప మెల్లగా, గిరీశ్‌తో. "మా బావా ఆ ఇద్దురూ ఎక్కినారని నేను చెప్పినట్టు. ఇరవయ్యారేండ్లు ఈ చెయ్యి చూడంది చెప్పలేదు. అది రాదు నాకు. శశి నా బిడ్డ, అది కొట్టినా నా చెయ్యే."

గిరీశ్ తల దించుకున్నాడు. "తాతా, ఆ పాట బయట పెట్టింది నేనే."

"తెలుసు."

"యట్లా?"

"నా క్యాసెట్టు గర్రుమంటాది. పాలబూతు కాడ మోగింది గర్రుమనలేదు. ఎవుడో కడిగినాడు దాన్ని. కడగడం తెలిసినోడు నాకు ఇంగెవుడు తెలుసు?"

శశికళ తండ్రి ముఖంలోకి చూసింది. పొద్దున్నించీ తను తిడుతుంటే పడ్డాడు గానీ ఈ పేరు చెప్పలేదు.

అంచు దగ్గర మళ్ళీ మట్టి జారింది. ఈసారి రాళ్ళు ఎక్కువ. చిన్నవెంకటమ్మ అటు చూడలేదు. కళ్ళు మూసుకొని, చెవి బెల్లు వైపు పెట్టి కూర్చొని ఉంది.

హనుమంతప్ప సుత్తిని తిప్పి, పిడి గిరీశ్ వైపు చాపాడు.

"నువ్వు గని దిగినోడివి కావు, ఎవుర్నీ దించినోడివి కావు. ఇచ్చిన మాట తప్పినోడివి గూడా. ఈ అబద్ధం ఇంగెవురు మోస్తారప్పా నువ్వు తప్ప? ఫోను తియ్యి. రికార్డు పెట్టు. ఆ పాట ఎనకాల దీన్ని అతికించు, నాకు నచ్చకపోయినా అతికించు. లైన్లల్లో ఇంగా ఎంతమంది ఆడోళ్ళు పంచె పట్టుకొని వాకిట్లో నిలబడుకోనుండారో. వాళ్ళు ఇంట్లోకి పోవల్ల గదా. కొట్టు నాయనా. మూడు కొట్టి, ఆగి, మూడు."